చిట్టెలుక నడిచింది కాబట్టి మా వారూ నడుస్తారని నమ్మవచ్చా?

మల్లెపందిరి (మల్కాజిగిరి)

అందరికీ నమస్కారం. మా వారికి 46 ఏళ్లు. నిరుడు దసరాకు ముందు కుడిచేతి పట్టు తప్పడం మొదలైంది. తాళం చెవి తిప్పలేకపోయేవారు. మెడ ఎముకల అరుగుదల అనుకుని ఆరు నెలలు తిరిగాం. చివరికి ఏఎల్ఎస్ అని, అంటే కండరాలను నడిపే నాడీకణాలు క్రమంగా చచ్చిపోయే జబ్బు అని తేల్చారు. ఇప్పుడు మెట్లు ఎక్కాలంటే నా భుజం పట్టుకోవాలి.

పోయిన వారం మా ఆడపడుచు చెబితే ఒక ప్రైవేటు క్లినిక్‌కు వెళ్లాం. మూలకణాల (స్టెమ్ సెల్) చికిత్స చేస్తామన్నారు, ఎనిమిది లక్షలు అవుతుందన్నారు. ఒక వీడియో చూపించారు. అందులో ఒక చిట్టెలుక వెనుక కాళ్లు ఈడ్చుకుంటోంది. రెండు నెలల తర్వాత అదే చిట్టెలుక పంజరం కడ్డీలు పట్టుకుని పైకి ఎక్కుతోంది. "జబ్బు ఇదే, మందూ ఇదే" అన్నారు. ఇంటికి వచ్చాక మా వారు ఆ వీడియోను ఎన్నిసార్లు చూశారో లెక్క లేదు. ఘట్‌కేసర్ దగ్గర మాకు చిన్న స్థలం ఉంది, అది అమ్మేద్దామంటున్నారు.

నేను బీకాం చదివాను, సైన్సు తెలియదు. ఎలుకకు వచ్చిన ఏఎల్ఎస్, మా వారికి వచ్చిన ఏఎల్ఎస్ ఒకటేనా? కాకపోతే ఎంత వరకు ఒకటి? దాన్ని ఎలా తెలుసుకోవాలి? ధైర్యం చెప్పేవాళ్లు మా ఇంటి నిండా ఉన్నారు. నాకు నిజం చెప్పేవాళ్లు కావాలి.

సీతాకోక (హబ్సిగూడ)

అక్కా, నేను నాడీశాస్త్రంలో పరిశోధక విద్యార్థిని. నాలుగేళ్లుగా చిట్టెలుకలతోనే పని. మీరు అడిగిన ప్రశ్న మేము రోజూ వేసుకోవలసిన ప్రశ్న.

సూటిగా చెబుతాను: ఒకటి కాదు. ఎలుకకు ఏఎల్ఎస్ తనంతట తాను రాదు, మనమే తెప్పిస్తాం. మీరు చూసింది బహుశా ఎస్ఓడీ1 చిట్టెలుక. కొన్ని కుటుంబాల్లో ఎస్ఓడీ1 అనే జన్యువు చెడిపోయి ఈ జబ్బు వస్తుంది. చెడిపోయిన ఆ మానవ జన్యువును చిట్టెలుక పిండంలోకి, ఒకటి కాదు, చాలా ప్రతులుగా ఎక్కిస్తారు. పుట్టిన పిల్లలకు మూడు నాలుగు నెలల వయసులో కాళ్లు పడిపోతాయి. 1994లో ఇది తయారైంది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఏఎల్ఎస్ మందుల వేట ఎక్కువగా దీని మీదే సాగింది. కానీ రోగులందరినీ లెక్కవేస్తే ఎస్ఓడీ1 లోపమున్నవాళ్లు నూటికి ఇద్దరికి అటూ ఇటూగా ఉంటారు.

ఒక జంతువు మనిషి జబ్బుకు ఎంత దగ్గరగా ఉందో తూచడానికి 1984లో పాల్ విల్నర్ అనే శాస్త్రవేత్త మూడు కొలతలు పెట్టారు. ఆయన రాసింది డిప్రెషన్ గురించి. ఇప్పుడు మెదడు జబ్బులన్నింటికీ వాటినే వాడుతున్నాం. పైకి కనిపించే లక్షణాలు కలుస్తున్నాయా అన్నది మొదటిది. లోపల జబ్బు పుట్టే దారి కలుస్తోందా అన్నది రెండోది. మనిషికి పనిచేసిన మందు జంతువుకూ పనిచేసి, మనిషికి పనిచేయని మందు జంతువుకూ పనిచేయకుండా ఉంటోందా అన్నది మూడోది. మీకు చూపించిన వీడియో మొదటి కొలతకే జవాబు చెబుతుంది. కంటికి కనిపించేది అదే కాబట్టి మనసు దాన్నే పట్టుకుంటుంది. మిగిలిన రెండూ ఏ కెమెరాకూ దొరకవు.

నరాలవైద్యం (పంజాగుట్ట)

మల్లెపందిరి గారూ, నేను ముప్పై ఏళ్లు నరాల వైద్యుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. రెండో కొలత గురించి చెబుతాను, మీకు పనికివచ్చేది అదే.

ఏఎల్ఎస్‌తో చనిపోయినవారి నాడీకణాలను పరిశీలిస్తే, నూటికి 95 మందికి పైగా ఒక విషయం కనిపిస్తుంది. టీడీపీ-43 అనే ప్రోటీన్ తాను ఉండవలసిన కణకేంద్రకాన్ని వదిలి బయటకు వచ్చి ముద్దకట్టి ఉంటుంది. ఇది 2006లో తెలిసింది. ఎస్ఓడీ1 లోపమున్న రోగుల్లో మాత్రం ఇది సాధారణంగా కనిపించదు, ఆ చిట్టెలుకలోనూ కనిపించదు. అంటే ఎక్కువమంది రోగుల్లో జబ్బుకు గుర్తుగా ఉన్నదే ఆ జంతువులో లేదు.

ఇంకొకటి. ఆ ప్రోటీన్ కేంద్రకం వదిలి వెళ్లిపోతే స్టాత్‌మిన్-2 అనే మరో ప్రోటీన్ తయారీ చెడిపోతుందని 2019లో కనుగొన్నారు. దెబ్బతిన్న నరం తిరిగి చిగురించాలంటే ఈ స్టాత్‌మిన్ కావాలి. తయారీ చెడిపోవడానికి కారణమైన ముక్క మానవ జన్యువులో ఉంది, చిట్టెలుక జన్యువులో లేదు. కాబట్టి చిట్టెలుకలో టీడీపీ-43ను తీసేసినా ఈ లోపం పుట్టదు. దాన్ని అక్కడ చూడాలంటే ముందుగా మనిషి జన్యువు ముక్కను చిట్టెలుకలో అతికించవలసి వచ్చింది. ఎన్ని వేల చిట్టెలుకలను ఎంత శ్రద్ధగా పరిశీలించినా ఈ సంగతి బయటపడే వీలే లేదు.

మూడో కొలతకు ఒక ఉదాహరణ, నా మనసులో ఇంకా ముల్లులా ఉన్నది. మినోసైక్లిన్ అని మొటిమలకు వాడే యాంటీబయాటిక్ ఉంది. అది ఈ చిట్టెలుకల ఆయుష్షు పెంచిందని 2002 ప్రాంతంలో వచ్చింది. పాత మందు, చవకైన మందు. నా రోగులు కొందరు ఆ వార్త కత్తిరించి తెచ్చి చూపించి, తామే కొనుక్కుని వాడారు. ఆపమని చెప్పడానికి అప్పుడు నా దగ్గర ఆధారం లేదు. తర్వాత అమెరికాలో 412 మంది రోగులపై సరైన పద్ధతిలో పరీక్షించారు. 2007లో ఫలితం వచ్చింది. మందు తీసుకున్నవారి క్షీణత తీసుకోనివారికంటే 25 శాతం వేగంగా సాగింది. "మేలు చేయకపోయినా కీడు చేయదు కదా" అని ఎవరైనా మీతో అంటే ఈ సంగతి చెప్పండి.

పాతతరం (నాచారం)

అమ్మా, నేను శాస్త్రవేత్తను కాను. పరిశోధనల కోసం చిట్టెలుకలను పెంచే జంతుశాలలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేశాను. పంజరాలు కడగడం దగ్గర మొదలుపెట్టి, పర్యవేక్షకుడిగా బయటికి వచ్చాను.

2008లో మా దగ్గర అందరూ మాట్లాడుకున్న విషయం ఒకటుంది. అమెరికాలో ఏఎల్ఎస్ కోసమే పెట్టిన ఒక పరిశోధన సంస్థ 70కి పైగా మందులను 18,000 చిట్టెలుకల మీద పరీక్షించింది. పనిచేశాయని అంతకుముందు పత్రికల్లో వచ్చిన మందులూ వాటిలో ఉన్నాయి. ఒక్కటీ నిలబడలేదు. మొదట ఎందుకు పనిచేసినట్టు కనిపించాయి? ఎక్కించిన జన్యువు ప్రతులు కొన్ని చిట్టెలుకల్లో తగ్గిపోతాయి. అలాంటివి మందు లేకపోయినా ఎక్కువకాలం బతుకుతాయి. ఆడవి మగవాటికంటే కొన్ని రోజులు ఎక్కువ బతుకుతాయి. ఒకే ఈతలో పుట్టిన పిల్లలన్నీ ఒకే గుంపులో పడితే లెక్క తప్పుతుంది. మందు గుంపులో పది చిట్టెలుకలే ఉన్నప్పుడు అలాంటివి రెండు చేరితే చాలు, మందు గెలిచినట్టు కనిపిస్తుంది.

నేను కళ్లారా చూసినవీ చెబుతాను. బోనాల రోజు వీధిలో డప్పులు మోగితే మరునాడు చిట్టెలుకలు మూల వదిలి బయటికి వచ్చేవి కావు. పై అరలో పంజరానికి వెలుతురు ఎక్కువ, కింది అరలో తక్కువ. వాటికి హాయిగా ఉండేది 30 డిగ్రీల దగ్గర. మనం మనకు హాయిగా ఉండేలా 22 దగ్గర ఉంచుతాం, అవి ఒకదాన్నొకటి హత్తుకుని పడుకుంటాయి. అవి రాత్రి తిరిగే ప్రాణులు. మనం పట్టపగలు నిద్ర లేపి పరీక్ష పెడతాం. మగమనిషి గదిలో ఉంటే ఆ వాసనకే బెదిరి నొప్పి కూడా బయటపెట్టవని 2014లో పరిశోధన వచ్చింది. అది చదివి నేను ఆశ్చర్యపోలేదు. 1999లో మూడు ఊళ్లలో ఒకే జాతి చిట్టెలుకలు, ఒకే పరికరాలు, ఒకే రోజు మొదలుపెట్టినా కొన్ని పరీక్షల ఫలితాలు ఊరు ఊరికీ మారాయి.

కాబట్టి ఆ వీడియో చూపించినవాళ్లను అడగండి: ఎన్ని చిట్టెలుకలు? మందు ఇవ్వనివి ఎన్ని? ఏది మందు తీసుకున్నదో తెలియనివాళ్లు లెక్కించారా? ఒక్క చిట్టెలుక వీడియోకు ఏ విలువా లేదు.

ఆకాశదీపం (కూకట్‌పల్లి)

అందరూ చెప్పింది సరైనదే కావచ్చు. కానీ ఇది చదివే అమ్మానాన్నలు ఆశ వదులుకోకూడదని రాస్తున్నాను. మా పాపకు స్పైనల్ మస్క్యులర్ అట్రఫీ, అంటే వెన్నుపాములోని నాడీకణాలు దెబ్బతిని కండరాలు బలం కోల్పోయే జబ్బు. ఇప్పుడు ఐదేళ్లు. మందు వాడుతోంది, ఆసరా లేకుండా కూర్చుంటుంది, బొమ్మలు గీస్తుంది. ఆ మందుల వెనుక చిట్టెలుకలు ఉన్నాయి. దీనికి ఎవరైనా జవాబు చెప్పండి.

సీతాకోక (హబ్సిగూడ)

ఆకాశదీపం గారూ, మీ పాప గురించి చదివి చాలా సంతోషం కలిగింది. మీ ఉదాహరణ ఈ చర్చకు తప్పనిసరిగా కావాలి.

మీ పాప జబ్బులో మూలకారణం ఒక్కటే: ఎస్ఎంఎన్1 అనే జన్యువు పనిచేయకపోవడం. మనిషికి దాని పక్కనే ఎస్ఎంఎన్2 అనే బలహీనమైన తోబుట్టువు ఉంటుంది. చిట్టెలుకకు ఈ రెండోది లేదు. ఉన్న ఒక్కటీ తీసేస్తే పిండంగానే చనిపోతుంది. 2000 సంవత్సరంలో శాస్త్రవేత్తలు చిట్టెలుక జన్యువు తీసేసి మానవ ఎస్ఎంఎన్2ను పెట్టారు. రెండు ప్రతులున్న పిల్లలు కొద్దిరోజుల్లో చనిపోయాయి. ఎనిమిది ప్రతులున్నవి మామూలుగా పెరిగాయి. మనుషుల్లోనూ ఎస్ఎంఎన్2 ప్రతులు ఎక్కువ ఉన్నకొద్దీ జబ్బు సాధారణంగా తేలిక. 2016 చివర్లో అనుమతి పొందిన నుసినర్సెన్ అనే మందు చేసే పని ఆ మానవ ఎస్ఎంఎన్2 చేత సరైన ప్రోటీన్ తయారు చేయించడమే. మందు పట్టుకోవలసిన వస్తువు ఆ చిట్టెలుకలో అచ్చంగా మనిషిదే ఉంది.

ఏఎల్ఎస్‌లోనూ ఇలాంటిది ఒకటి జరిగింది. మేమందరం తప్పుబట్టిన ఆ ఎస్ఓడీ1 జంతువుల నుంచే టోఫర్సెన్ అనే మందు వచ్చింది. చెడిపోయిన ఎస్ఓడీ1 తయారీని తగ్గించడం దాని పని. 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది, ఎస్ఓడీ1 లోపమున్న రోగులకు మాత్రమే. 28 వారాల ప్రధాన పరీక్షలో శక్తి తగ్గుదలను స్పష్టంగా ఆపినట్టు తేలలేదు. రక్తంలో నరాల నష్టాన్ని చూపే గుర్తు బాగా తగ్గింది. ఆ ఆధారంతోనే అనుమతించారు.

అక్కా, నేను ఇన్నాళ్లలో అర్థం చేసుకున్నది ఇది. చిట్టెలుకకు మన జబ్బు రాదు, మన జబ్బులో ఒక ముక్క వస్తుంది. ఏ ముక్క వచ్చిందో, మందు ఆ ముక్క మీదే పనిచేస్తోందో లేదో, మీ వారిలో ఆ ముక్క ఉందో లేదో అడగాలి. జన్యుపరీక్ష చేయించారా?

మనసువైద్యం (సనత్‌నగర్)

మానసిక వైద్యురాలిగా నేను సీతాకోక మాటతో కొంతవరకే ఏకీభవిస్తాను. నరాలు చచ్చిపోయే జబ్బుల్లో ముక్క దొరుకుతుంది. నా దగ్గరికి వచ్చే జబ్బుల్లో ఏ ముక్క దొరుకుతుంది? చెవిలో మాటలు వినిపిస్తున్నాయని ఎలుక చెప్పదు. నిన్న ఒక యువకుడు "నేను అందరికీ భారమైపోయాను" అన్నాడు. దీన్ని ఏ పంజరంలో కొలుస్తారు?

డిప్రెషన్ మందులకు ఎలుకను నీళ్లున్న గాజు గొట్టంలో వేసే పరీక్ష 1977 నుంచి ఉంది. ఈదడం మానేసి తేలుతూ ఉంటే నిరాశ అన్నారు. బయటపడే దారి లేదని తెలుసుకుని బలం దాచుకుంటోందేమో! పైగా ఒకటి రెండు రోజుల మందుతోనే ఎలుక ఈత పెరుగుతుంది. నా రోగులకు అదే మందు పనిచేయడానికి వారాలు పడుతుంది. స్కిజోఫ్రీనియాలో ఇంకో చిక్కు ఉంది. 1950లలో దొరికిన మందులు మెదడులో సందేశాలు మోసే డోపమైన్ అనే రసాయనాన్ని అడ్డుకునేవి. ఆ మందులను పట్టుకునేలా జంతు పరీక్షలు తయారయ్యాయి. ఆ పరీక్షలు మళ్లీ అలాంటి మందులనే ఎంచి ఇచ్చాయి. నా రోగులు మాట తగ్గి, ఆసక్తి పోయి, ఇంట్లో ఒక మూల కూర్చుండిపోతారే, ఆ బాధకు వాటితో పెద్దగా మేలు లేదు.

నరాలవైద్యం (పంజాగుట్ట)

డాక్టర్ గారూ, మీరు చెప్పిన వలయం నా రంగంలోనూ ఉంది. మూర్ఛ మందులను దశాబ్దాలుగా రెండు పరీక్షలతో వడపోశారు. ఆరోగ్యంగా ఉన్న ఎలుకకు కరెంటు షాకుతోనో రసాయనంతోనో మూర్ఛ తెప్పించి, మందు ఆపుతుందా అని చూడటం. ఈ రోజు ఏ మందుల షాపులోనైనా దొరికే లెవెటిరాసెటమ్ ఆ రెండింటిలోనూ తప్పింది. చిన్న చిన్న ప్రేరణలు పదేపదే ఇచ్చి మెదడునే మూర్ఛకు అలవాటు చేసిన ఎలుకల్లో అది పనిచేసింది. ఆరోగ్యమైన మెదడుకు ఒకసారి ఫిట్స్ తెప్పించడం వేరు, ఫిట్స్ జబ్బున్న మెదడు వేరు. పాత వడపోతతోనే సరిపెట్టుకుని ఉంటే లక్షలమంది వాడుతున్న మందును పారేసి ఉండేవాళ్లం. చెడ్డ మందు దాటుకుని వచ్చినప్పుడు రోగులపై జరిపే పరీక్షలో బయటపడుతుంది. మంచి మందును పారేస్తే ఆ సంగతి ఎవరికీ తెలియదు.

జీవకారుణ్యం (బోయినపల్లి)

ఇవన్నీ చదివాక నా ప్రశ్న ఒక్కటే. ఇంత తేడా ఉందని తెలిసీ ఆ మూగజీవాలను ఇంకా ఎందుకు చంపుతున్నాం? మన దేశంలో 2023లోనే కొత్త మందుల నిబంధనలు సవరించి, జంతువులు లేని పద్ధతులకు చోటు ఇచ్చారు కదా. మనిషి కణాలతో పెంచే చిన్న మెదడు గోళాలు ఉన్నాయి కదా.

సీతాకోక (హబ్సిగూడ)

మీ బాధ నాకూ ఉంది, మాటవరసకు అనడం లేదు. నీళ్ల గొట్టం పరీక్ష నేను చేయనని మా గైడ్‌కు చెప్పాను. దాని నుంచి నేను తెలుసుకోగలిగేది ఏమీ లేనప్పుడు ఆ ప్రాణిని బాధపెట్టే హక్కు నాకు లేదు. ఆయన ఒప్పుకున్నారు.

మెదడు గోళాల గొప్పతనం, రోగి సొంత కణాలతోనే చేయగలగడం. మల్లెపందిరి అక్క భర్తకు వచ్చినట్టు, కారణం తెలియకుండా వచ్చే ఏఎల్ఎస్‌కు అది పెద్ద మేలు. కానీ వాటిలో సహజమైన రక్తనాళాలు లేవు, పడిపోవడానికి కాలు లేదు, నెలల వయసున్న కణాలు అరవై ఏళ్ల ముసలి కణాల్లా ప్రవర్తించవు. వాటికీ ఆ మూడు కొలతలు పెట్టాలి. అవి కూడా జబ్బులో ఒక ముక్కే.

పాతతరం (నాచారం)

ఒక పాత సంగతి గుర్తుకొచ్చింది, పిల్లలకు తెలియకపోవచ్చు. కేసరి పప్పు. కరువు రోజుల్లో మధ్యప్రదేశ్ రీవా వైపు కూలీలు నెలల తరబడి అదే తిని కాళ్లు బిగుసుకుపోయేవారు. మునివేళ్ల మీద, కత్తెరలా కాళ్లు అడ్డం పడుతూ నడిచేవారు. ఇక జీవితమంతా అంతే. అందులోని విషాన్ని 1964లో మన దేశంలోనే వేరుచేశారు. ఒకరోజు వయసున్న కోడిపిల్లకు ఎక్కిస్తే మెడ వంకర తిరిగి ఫిట్స్ వచ్చేవి. పెరిగిన ఎలుకకు ఎక్కిస్తే పెద్దగా ఏమీ అయ్యేది కాదు. విషం అదే, జబ్బు మాత్రం జంతువు జంతువుకూ వేరు. కాళ్లు బిగుసుకుపోయే ఎలుక కావాలని పట్టుబట్టి ఉంటే పని అక్కడే ఆగిపోయేది. పప్పులో విషం ఉందో లేదో తెలుసుకోవడానికి మాత్రం ఆ కోడిపిల్ల చాలు. మన తార్నాక పోషకాహార సంస్థ వేడినీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోసే పద్ధతి మీద పనిచేసింది. ఆ పనికి విషం ఎంత తగ్గిందో కొలిస్తే చాలు.

జీవకారుణ్యం గారూ, ప్రాణి తీసే ముందు ఏ ప్రశ్నకు తీస్తున్నామో తెలిసి ఉండాలన్న మాట మీది నూటికి నూరుపాళ్లు నిజం. నా చేతుల మీదుగా వెళ్లినవాటిలో కొన్ని ఏ ప్రశ్నా లేకుండా వెళ్లాయి.

నరాలవైద్యం (పంజాగుట్ట)

మల్లెపందిరి గారూ, అసలు విషయానికి వస్తాను. 2017 నాటి భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాల ప్రకారం, రక్తానికి వచ్చే జబ్బులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగిలిన మూలకణ చికిత్సలన్నీ అనుమతి పొందిన పరిశోధనగానే జరగాలి. పరిశోధన అయితే రోగులపై జరిపే పరీక్షలను నమోదు చేసే జాతీయ రిజిస్ట్రీలో నంబరు ఉంటుంది, నైతిక కమిటీ అనుమతి ఉంటుంది, పరీక్షిస్తున్న చికిత్సకు రోగి దగ్గర డబ్బు తీసుకోరు. ఆ క్లినిక్‌ను నంబరు అడగండి. స్థలం అమ్మకండి. ఏఎల్ఎస్‌ను కొంత నెమ్మదింపజేసే రైలుజోల్ మందు వాడుతున్నారా? ఊపిరి సామర్థ్యం పరీక్ష ఎప్పుడు చేయించారు?

మల్లెపందిరి (మల్కాజిగిరి)

అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. నిన్న ఆ క్లినిక్‌కు ఫోను చేశాను. మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని అడిగాను. ఎన్ని చిట్టెలుకలు అంటే తెలియదన్నారు. వాటికి ఏ జన్యువు ఎక్కించారు అంటే డాక్టరు గారు వచ్చాక చెబుతారన్నారు. రిజిస్ట్రీ నంబరు అడిగితే ఈ వారం డబ్బు కడితే లక్ష తగ్గిస్తామన్నారు. ఫోను పెట్టేశాను.

మా వారికి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. మినోసైక్లిన్ దగ్గర ఆపి మళ్లీ చదవమన్నారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నాలో ఆ ముక్క ఉందో లేదో చూద్దాం" అన్నారు. మంగళవారం జన్యుపరీక్షకు రక్తం ఇచ్చాం. ఫలితానికి నాలుగు వారాలు పడుతుందట. రైలుజోల్ వాడుతున్నారు. ఊపిరి పరీక్ష మాకు ఎవరూ చెప్పలేదు, శుక్రవారానికి సమయం తీసుకున్నాను.

నరాలవైద్యం (పంజాగుట్ట)

మంచి పని చేశారమ్మా. ఊపిరి పరీక్ష కూర్చుని ఒకసారి, పడుకుని ఒకసారి చేయమని అడగండి. పడుకున్నప్పుడు బాగా తగ్గితే రాత్రిపూట శ్వాసయంత్రం గురించి త్వరగా ఆలోచించాలి. జన్యు ఫలితం వచ్చాక ఉందా లేదా అన్నదే కాకుండా ఏయే జన్యువులు చూశారో కూడా ఇక్కడ రాయండి. అందులో ఎస్ఓడీ1, ఏఎల్ఎస్‌తో ముడిపడిన మరో జన్యువు సీ9ఓఆర్ఎఫ్72 ఉన్నాయో లేదో చూసుకోండి.